పది ముప్పై రెండుకు వచ్చిన రిపోర్టు

నేను నల్గొండలో జనరల్ ఫిజీషియన్‌ని. ఈ కేసు రాయడానికి చనిపోయినాయన కొడుకు, కూతురు ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. మార్చకుండా ఉంచింది ఒకటుంది: వాళ్లు తెచ్చిన కాగితాల్లో ఒక మందుల చీటీ నాది. ఈ మాట ముందే చెప్పకపోతే కిందిదంతా పక్కవాళ్ల తప్పులు లెక్కపెట్టినట్టు ఉంటుంది.

కొడుకు జూన్ చివర్లో వచ్చాడు, ఓపీ అయిపోయే వేళకు. వయసు 34. దినాలు అయ్యి నెల కావొస్తోంది, గుండు మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి. చేతిలో బట్టల షాపు కవరు, దాన్నిండా కాగితాలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారు, మా నాయినకు ఏమైందో చెప్పాలె. గుండెపోటు అన్నరు. గుండెపోటైతే కాళ్లెందుకు లేవలే? నర్సు సూది ఇచ్చిన ఐదు నిమిషాలకే పాణం పోయింది. ఆ సూది ఏందో అడిగితే ఎవ్వలు చెప్తలేరు."

ఆయన నాకు బాగా గుర్తు. 62 ఏళ్లు, మునుగోడు వైపు పల్లె, బత్తాయి తోట. పిలిస్తే తల తిప్పేవారు కాదు, మనిషంతా తిరిగి చూసేవారు. మెడ, నడుము బిగుసుకుపోయి ఉండేవి. ఆ పక్క ఊళ్లలో అరవై దాటినవాళ్లలో ఇది వింతేమీ కాదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు కొన్ని రెట్లున్న బోరు నీళ్లు చిన్నప్పటి నుంచీ తాగిన తరం అది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారుచేస్తే దానికి 'నల్గొండ టెక్నిక్' అని మన పేరే పెట్టారు. మనకు దక్కిన కీర్తి అదీ. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, నిజమే. కానీ అరవై ఏళ్లలో ఎముకల్లో చేరింది అక్కడే ఉంది, నొప్పి కూడా అక్కడే ఉంది.

ఆ నొప్పికి ఏం వాడుతున్నావని నేను నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

కాగితాలు

ఆ రోజు ఏమీ చెప్పలేదు. చెప్పడానికి కవర్లో ఉన్నవి చాలవు. అందులో మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం ఉంది. "ఇందులో ఏం రోగమో రాయలేదేంది సారు, దాచిపెట్టిన్రా?" అని అడిగాడు. దాచలేదు. కుటుంబానికి ఇచ్చే ఆ పత్రంలో చావుకు కారణం వేయకూడదని 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతుంది. కారణం ఉండేది వేరే కాగితంలో. ఆసుపత్రిలో చనిపోతే డాక్టర్ ఫారం 4 అని ఒకటి నింపాలి. 2023లో చట్టం సవరించాక, ఆ కారణం పత్రం కాపీని దగ్గరి బంధువుకు ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఆసుపత్రిదే. ఈ సంగతి తెలిసి అడిగేవాళ్లు నాకు ఇప్పటిదాకా ఇద్దరో ముగ్గురో కనబడ్డారు.

ఆయన చనిపోయిన నర్సింగ్ హోమ్‌కు తెల్లకాగితం మీద దరఖాస్తు రాయించాను: మొత్తం కేస్ షీటు, నర్సుల చార్టు, ల్యాబ్ రిపోర్టులు, ఫారం 4 కాపీ. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. కోపంగా అడగొద్దని, దరఖాస్తు కాపీ మీద ముద్ర వేయించుకోమని చెప్పాను. ఐదో రోజుకు ఇచ్చారు.

ఇంకోటి కూడా అడిగాను. ఇంట్లో గూట్లో, దిండు కింద, ట్రాక్టర్ డబ్బాలో, ఎక్కడున్నా సరే, ఆయన వాడిన గోలీల షీట్లన్నీ తెమ్మన్నాను. ఖాళీవి కూడా.

రెండోసారి వచ్చినప్పుడు బల్ల మీద అన్నీ పరిచాం. నా చీటీ జనవరిది. బీపీ 150/90 ఉందని టెల్మిసార్టాన్ 40ని 80 చేశాను. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4 అని నా చేత్తోనే రాశాను. పొటాషియం పరీక్ష రాయలేదు. మార్చిలో కాళ్ల వాపు, ఆయాసం వస్తే హైదరాబాద్ తీసుకెళ్లారు. గుండె పంపింగ్ 40 శాతం ఉందని అక్కడి గుండె డాక్టర్ నాడి తగ్గించే మెటోప్రొలాల్, దాంతోపాటు టార్సెమైడ్, స్పైరనోలాక్టోన్ కలిసిన నీరు దించే గోలీ రాశారు. గుండె బలహీనతకు అవి సరైన మందులే. చీటీ అడుగున వారానికి 'ఆర్ఎఫ్‌టీ' అని ఇంగ్లిష్‌లో మూడక్షరాలు ఉన్నాయి. కిడ్నీ పరీక్ష చేయించుకు రమ్మని దానర్థం. ఇంట్లో ఎవరికీ అది ఒక పరీక్ష పేరని తెలియలేదు, ఎవరూ చెప్పలేదు.

ఇక చీటీ లేనివి. ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి గోలీల షీట్లు, ఖాళీవి పదకొండు, సగం వాడినది ఒకటి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మోకాళ్ల గోలీలు, రోజుకు రెండు, ఏడాదిన్నరగా. చీటీ లేదు కాబట్టి అవి ఏ డాక్టర్ లెక్కలోకీ రాలేదు. ఆయన దృష్టిలో అవి మందులే కావు. "ఏం మందులు వాడుతున్నారు?" అంటే బీపీ గోలీ చెప్పేవారు. అన్నంలో ఉప్పు గురించి ఎవరైనా చెబుతారా?

ఆ షీట్లు చూస్తూంటే నాకు ఇంకో అనుమానం వచ్చింది. నొప్పి గోలీలు ఒంట్లో ఉప్పు, నీరు నిలబెడతాయి. బీపీ పెంచుతాయి, వాపు తెస్తాయి, బలహీనంగా ఉన్న గుండెను ఇంకా అలిసేలా చేస్తాయి. మోకాళ్ల గోలీకి బీపీ పెరిగింది, దానికి నేను డోసు పెంచాను. వాపు వచ్చింది, దానికి ఇంకొకరు నీరు దించే గోలీ ఇచ్చారు. మొత్తం అలాగే జరిగిందని రుజువు చేయలేను. కొంతైనా అలాగే జరిగిందని నమ్ముతున్నాను.

ఆ మూడు రోజులు

మే నెల, ఎండలు మండిపోతున్నాయి. ఆదివారం బంధువుల పెండ్లి. రాత్రి నుంచి వాంతులు, మోషన్స్. సోమవారం ఆర్‌ఎంపీ ఇంటికే వచ్చి ఒక సెలైన్ ఎక్కించి, వాంతులకొక సూది, ఒళ్లు నొప్పులంటే డైక్లోఫెనాక్ సూది ఇచ్చారు. కూతురు అత్తగారింటి నుంచి వచ్చి దగ్గరుండి చూసుకుంది. వాంతులవుతున్నా ఏ గోలీ ఆపలేదు. "ఒక్క పూట గూడ తప్పియ్యలే సారు" అని ఆమె తర్వాత నాతో అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది గర్వమో భయమో నాకు అర్థం కాలేదు. అన్నం ముట్టడం లేదని కొబ్బరి బోండాలు తాగించింది, రెండు రోజుల్లో ఏడు. మంగళవారం నుంచి మూత్రం దాదాపు లేదు. బుధవారం సాయంత్రం మంచం మీద నుంచి కాళ్లు లేవలేదు. పక్షవాతమనుకొని కారులో వేసుకొని వచ్చారు.

నర్సింగ్ హోమ్ చార్టు ప్రకారం 8:40కి చేరారు. బీపీ 90/60, నాడి 42. 8:55కి ఈసీజీ. 9:10కి రక్తం తీశారు. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ కార్డు పరీక్ష నెగటివ్. గ్యాస్ సూది, సెలైన్. 10:04కి నాడి 34కు పడిపోతే ఒక సూది ఇచ్చారు. 10:10కి గుండె ఆగింది. 35 నిమిషాలు ఛాతీ నొక్కారు. 10:45కి చనిపోయినట్టు రాశారు.

ల్యాబ్ రిపోర్టు మీద అచ్చయిన టైము 10:32. క్రియాటినిన్ 5.4, పొటాషియం 7.8.

అంటే ఛాతీ నొక్కుతూ ఉండగానే ఆ కాగితం వచ్చింది. ఎవరూ చూసిన గుర్తు లేదు. సంతకం లేదు, కేస్ షీటులో ఆ అంకె ఎక్కడా లేదు. ఫారం 4లో కారణం దగ్గర 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని మాత్రమే ఉంది. గుండె, ఊపిరి ఆగిపోయాయట. చనిపోయిన ప్రతివాళ్లకూ ఆగేవే అవి. ఎందుకు ఆగాయన్నది రాయడానికే ఆ ఫారంలో కింద ఇంకో రెండు గీతలు ఉంటాయి. అవి ఖాళీ.

ఏది కావచ్చు, ఏది కాదు

పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలి. 6.5 దాటితే గుండెకు ప్రమాదం. కానీ 7.8 అన్న ఒక్క అంకెను పట్టుకొని తీర్పు చెప్పకూడదు. నరం దొరక్క కష్టంగా రక్తం తీసినా, గొట్టంలో రక్తకణాలు పగిలినా లోపలి పొటాషియం బయటికొచ్చి అంకె అబద్ధంగా పెరుగుతుంది. చిన్న ల్యాబుల్లో ఇది తరచూ చూస్తాం. నిజంగా పెరిగితే ఈసీజీ గీతలు మారతాయి, కాబట్టి అది కావాలి.

ఫైల్లో ఉన్న ఈసీజీ బూడిద రంగు కాగితమై ఉంది. థర్మల్ కాగితం అది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఎండలో కారులో ఉంచేశారు, గీతలన్నీ మాయం. నేను నిరాశపడ్డాను. కొడుకు ఫోన్ తీశాడు. సూర్యాపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే బావకు ఆ రాత్రి 8:58కి వాట్సాప్‌లో పంపిన ఫోటో ఉంది. కాస్త వంకరగా, బెడ్‌షీట్ మీద పెట్టి తీసింది. అది చాలు. టీ తరంగాలు గుడారాల్లా మొనదేలి లేచి ఉన్నాయి, పీ తరంగాలు కనబడటం లేదు, క్యూఆర్ఎస్ వెడల్పైంది. కిడ్నీ ఆగిన మనిషిలో, కాళ్లు చచ్చుబడ్డ మనిషిలో, నాడి 42 ఉన్న మనిషిలో ఇలాంటి ఈసీజీ ఉంటే అంకె నిజమే.

గుండెపోటు? తొలి నిమిషాల్లో దాన్లోనూ టీ తరంగాలు పెరుగుతాయి, గుండె కింది గోడకు వచ్చే పోటులో నాడి కూడా తగ్గుతుంది. డ్యూటీలో ఉన్న డాక్టర్ అదే అనుకున్నారు. కొడుకు అనుమతితో ఆయనకు ఫోన్ చేశాను. చదువు ఈమధ్యే అయిన కుర్రాడు, ఆ రాత్రి రెండు అంతస్తులకు ఒక్కడే. రిపోర్టు సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "నాకు ఎవరూ చూపించలేదు సార్" అన్నాడు. నమ్మాను. పక్షవాతం? రెండు కాళ్లూ ఒకేసారి, మాట తడబడకుండా? పొటాషియం పెరిగితే కండరాలే చచ్చుబడతాయి. తీవ్రమైన ఇన్ఫెక్షన్ తోడై ఉండొచ్చు, దాన్ని కొట్టిపారేయలేను. కానీ గుండెను ఆపింది పొటాషియమే అన్నది నా నిర్ణయం.

మెటోప్రొలాల్ కూడా ఇందులో ఉంది. కిడ్నీ దెబ్బతిని పొటాషియం పెరుగుతుంటే, నాడి తగ్గించే మందు దానికి తోడై గుండెను మరింత నెమ్మది చేస్తుంది. నెమ్మదించిన గుండె నుంచి కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది. పొటాషియం ఇంకా పెరుగుతుంది. దీనికి ఈమధ్య 'బ్రాష్' అని పేరు పెట్టారు. విడివిడిగా ఏదీ చంపేంత లేకపోయినా, కలిసి తిరిగితే గిరక ఆగదు.

ఇక ఆ సూది. చార్టులో స్పష్టంగా ఉంది: అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు, నాడి పెంచడానికి. అది ఆయన్ను చంపలేదు. 10:04కి అప్పటికే ఆగబోతున్న గుండెను నిలబెట్టాలని ఇచ్చిన సూది అది. ఈ మాట చెప్పినప్పుడు కొడుకు మొదటిసారి కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. నెలరోజులుగా ఆ నర్సు ముఖమే కళ్లలో మెదులుతోందట.

డ్రిప్పు

కిడ్నీ ఎందుకు ఆగిందో చెప్పడానికి నాకు వాళ్ల తోటే పనికొచ్చింది. బత్తాయి చెట్లకు డ్రిప్పు ఉంది కదా, చెట్టుకు నీళ్లందాలంటే పైపులో ప్రెషర్ ఉండాలి. నొప్పి గోలీ కిడ్నీలోకి రక్తం వచ్చే వాల్వును కొంత మూస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే వాల్వును వదులు చేస్తుంది. నీరు దించే గోలీ, వాంతులు, మోషన్స్, మే ఎండ కలిసి ట్యాంకు ఖాళీ చేశాయి.

"ఇప్పుడు ప్రెషర్ ఉంటదా తమ్మీ?"

"చుక్క పడది సారు."

మూత్రం అందుకే ఆగింది. ఒంట్లో చేరే పొటాషియంలో చాలా భాగం బయటికి పంపేది కిడ్నీయే. దానిమీద టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్, నొప్పి గోలీ, మూడూ పొటాషియాన్ని బయటికి పోనివ్వవు. కొత్తగా స్పైరనోలాక్టోన్ మొదలుపెడితే వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి రక్తం చూడమనేది ఇందుకే.

ఇది చెప్పి నా జనవరి చీటీ కొడుకు ముందుకు జరిపాను. "ఇది నాది. మోకాళ్ల గోలీలు వేసుకుంటున్నారా అని నేను అడగాల్సింది. అడగలేదు. పొటాషియం చూడాల్సింది. చూడలేదు." అతను దాన్ని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని నాకు అనిపించింది.

కాసేపటికి అడిగాడు: "బతికేటోడా సారు?"

తప్పించుకోదలిస్తే ఇక్కడ చాలా దారులు ఉన్నాయి. దేవుడు, విధి, వయసు. నేను చెప్పింది ఇది. 8:55 ఈసీజీని పొటాషియం దృష్టితో చూసి ఉంటే, కాల్షియం గ్లూకోనేట్ పది మిల్లీలీటర్లు నరంలోకి ఇచ్చేవాళ్లు. నిమిషాల్లో గుండెను కొంతసేపు కాపాడే చవక మందు. తర్వాత డెక్స్‌ట్రోజ్‌తో ఇన్సులిన్, ఆపైన డయాలసిస్. డెబ్బై ఐదు నిమిషాల వ్యవధి ఉంది. బతికే అవకాశం ఉండేది. బతికేవారని మాట ఇవ్వలేను.

"పోస్టుమార్టం చేయిస్తే తేలేదా?" గుండెలో గడ్డ ఉందా లేదా అన్నది తేలేది. పొటాషియం తేలేది కాదు. ప్రాణం పోయాక కణాల్లోని పొటాషియం రక్తంలోకి వచ్చేస్తుంది, ఎవరి శవంలో చూసినా ఎక్కువే ఉంటుంది. ఈ కేసులో సాక్ష్యం బతికుండగా తీసిన రక్తం, బెడ్‌షీట్ మీది ఫోటో. పోస్టుమార్టం వద్దన్నది తల్లి. ఆమె వల్ల ఏదీ పోలేదని ఇంట్లో చెప్పమన్నాను.

కేసు వేయాలా అని కూడా అడిగాడు. అది నేను చెప్పేది కాదన్నాను. వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే రెండేళ్ల గడువు ఉందని, మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చని చెప్పాను. ఏది చేసినా ముందు ఇంకో డాక్టర్ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోమన్నాను. నా చీటీ అందులో ఉన్నాక నా అభిప్రాయానికి అంత బలం ఉండదు. ఇప్పటికి అతను ఏదీ వేయలేదు.

కొబ్బరి నీళ్లు

ఇదంతా తెలుగులో ఒక పేజీ రాసిచ్చాను. కచ్చితంగా తెలిసింది, బహుశా జరిగింది, ఎవరూ చెప్పలేనిది అని మూడు ముక్కలుగా. చదివి అన్నాడు, "సారు, కొబ్బరి నీళ్లతోని ఏం కాలేదని ఒక్క లైను రాయరాదూ. అక్క ఫోన్ల చూసింది, కొబ్బరి నీళ్లల్ల పొటాషియం ఉంటదని. తిండి తింటలేదు."

ఒక బోండంలో 600, 700 మిల్లీగ్రాముల పొటాషియం ఉండొచ్చు. కిడ్నీలు పనిచేసే మనిషికి అది లెక్కలోకి రాదు. మూత్రం ఆగిన మనిషికి ఏడు బోండాలు ఏమీ కాదని రాయలేను. రాస్తే ఆ పేజీలో మిగతాదంతా కూడా అబద్ధమవుతుంది. చాలాసేపు ఆలోచించి ఇలా రాశాను: "వాంతులైనప్పుడు కొబ్బరి నీళ్లు తాగించమని మేం డాక్టర్లమే చెబుతాం. కిడ్నీ ఆగిన సంగతి ఇంట్లో తెలిసే వీలు లేదు. కొబ్బరి నీళ్లు కొంత పెంచి ఉండొచ్చు. అవి తాగకపోయినా ఈ మందులతో, ఈ కిడ్నీతో ఇలాగే జరిగి ఉండేదని నా అంచనా."

అతనికి పూర్తిగా నచ్చలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత నా ఓపీలో రెండు మార్పులు చేశాను. బీపీకి వచ్చిన ప్రతివాళ్లనూ "ఏం మందులు వాడుతున్నారు" అని కాకుండా "మోకాళ్లకు, నడుముకు ఏం వేసుకుంటున్నారు" అని అడుగుతున్నాను. టెల్మిసార్టాన్‌లాంటివి, నీరు దించే గోలీలు రాసినప్పుడు చీటీ మీద తెలుగులో ఒక ముద్ర వేస్తున్నాం: వాంతులు, మోషన్స్ పట్టుకున్న రోజు ఈ గోలీలు ఆపి ఫోన్ చేయండి. ముద్రకు 180 రూపాయలైంది. కాంపౌండర్ ఇప్పటికీ సగం చీటీలకు మరిచిపోతాడు.

ఆగస్టులో కూతురు వాళ్లమ్మను తీసుకొని వచ్చింది. కొబ్బరి నీళ్ల మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తల్లి చేతిలోని గుడ్డ సంచి అడిగి తీసుకొని బల్ల మీద బోర్లించింది. బీపీ గోలీలు, ఐరన్ గోలీలు, తమలపాకులు, వాటి మధ్యలో అవే మోకాళ్ల గోలీలు. క్రియాటినిన్ 1.3, పొటాషియం 5.2 వచ్చాయి. మోకాళ్ల గోలీలు ఆపేయమని, పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో, వేడి కాపడం, ఫిజియోథెరపీ ఎలాగో చెప్పాను.

పెద్దామె పారాసిటమాల్ షీటు అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంతోని తగ్గది సారు. ఇంతకుముందే చూసిన" అంది.

అంతగా తగ్గదని నాకూ తెలుసు. రెండు వారాలకు మళ్లీ రమ్మని రాశాను.